అంచు చెప్పే సాక్ష్యం: స్మారక పతకాలు, వాటి విలువ

ఒక వ్యక్తినో, సంఘటననో, సంస్థనో కలకాలం గుర్తుంచుకోవడానికి రెండు వైపులా బొమ్మలూ అక్షరాలూ తీర్చి తయారుచేసే లోహపు బిళ్లను స్మారక పతకం అంటారు. ఇది చూడటానికి నాణెంలాగే ఉంటుంది, చాలా సందర్భాల్లో నాణేలు ముద్రించే టంకశాలలోనే అవే యంత్రాల మీద తయారవుతుంది. అయితే నాణెం విలువ ఇంత అని ప్రభుత్వం దాని మీదే అచ్చువేసి హామీ ఇస్తుంది, పతకానికి అటువంటి హామీ ఏదీ ఉండదు. ఎన్టీఆర్ శతజయంతి సందర్భంగా హైదరాబాద్ టంకశాలలో తయారై, 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా విడుదలైన 44 మిల్లీమీటర్ల బిళ్లలో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలిన పది శాతంలో నికెల్, జింకు చెరిసగం ఉన్నాయి. దాన్ని పట్టుకెళ్లి ఎవరూ కూరగాయలు కొనరు, కొన్నవారంతా దాచుకోవడానికే కొన్నారు, అయినా దాని మీద వంద రూపాయల అంకె ఉన్నందువల్ల చట్టం దృష్టిలో అది నాణెమే. ఆ అంకె లేకపోయి ఉంటే అదే బిళ్లను స్మారక పతకం అనవలసి వచ్చేది. హామీ లేని వస్తువుకు వెల కట్టాలంటే అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో, ఎన్ని ప్రతులుగా తయారైందో రుజువు కావాలి గనుక, పతకాల సేకరణలో వెల అన్నది ఆ రుజువు ఎంత గట్టిదన్న దాని మీదే ప్రధానంగా ఆధారపడుతుంది. పాతదైతే చాలు ఖరీదు చేస్తుందని, బంగారమైతే మరీ ఖరీదు చేస్తుందని జనంలో ఉన్న నమ్మకం ఈ రంగంలో సగం కూడా నిలబడదు.

ఛాతీ మీద ధరించడానికి రిబ్బనుతో ఇచ్చే సైనిక పతకాలు, ప్రతిభకో సేవకో గుర్తింపుగా ఇచ్చే పురస్కార పతకాలు, కేవలం జ్ఞాపకార్థం తయారై చేతిలోకి తీసుకుని చూడవలసిన స్మారక పతకాలు అని సేకర్తలు వీటిని మూడు తెగలుగా విడదీస్తారు. భారతరత్న, పద్మ పురస్కారాల పతకాలు కోల్‌కతాలోని అలీపూర్ టంకశాలలో తయారవుతాయి. అవి రెండో తెగకు చెందినవి. ఈ గీతలు అన్నిచోట్లా స్పష్టంగా ఉండవు, ఒకే పతకం రెండు తెగల్లో చేరడం కూడా ఉంది. ఇక్కడ ప్రధానంగా మూడో తెగ గురించే చెప్పుకున్నా, వెలకు సంబంధించిన కొన్ని సంగతులు పక్క తెగల ఉదాహరణలతోనే బాగా తేటపడతాయి.

నేటి అర్థంలో స్మారక పతకం ఇటలీలో పుట్టింది. ఒట్టొమాన్ తురుష్కుల ముట్టడి భయంతో సాయం కోరుతూ కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఎనిమిదో జాన్ పాలియోలోగస్ 1438లో ఫెరారా నగరంలో జరిగిన క్రైస్తవ మత మహాసభకు వచ్చినప్పుడు, పిసనెల్లో అనే చిత్రకారుడు ఆయన్ను చూసి, ఎత్తైన కొనదేరిన టోపీతో పక్కముఖంగా ఉన్న రూపాన్ని ఒక వైపున, గుర్రం మీద కూర్చుని దారి పక్కన శిలువకు మొక్కుతున్న రూపాన్ని మరో వైపున తీర్చి, అరచేతినంతటినీ ఆక్రమించే పెద్ద పతకాన్ని పోత పోశాడు. ముందువైపును బొమ్మ అని, వెనుకవైపును బొరుసు అని మన వాడుకలో ఉన్న మాటలు ఈ పతకాలకూ చక్కగా సరిపోతాయి. బొమ్మ వైపు మనిషి ముఖం, బొరుసు వైపు ఆ మనిషి గురించి చెప్పదలచిన మాటకు సంకేతం అన్న పద్ధతిని స్థిరపరచింది పిసనెల్లోయే. ఆయన తర్వాత ఇటలీ ప్రభువులందరికీ ఇది ఒక మోజుగా మారింది. రిమిని పాలకుడు సిగిస్మోండో మలతెస్తా తన పతకాలను తాను కట్టించిన భవనాల గోడల్లోనూ పునాదుల్లోనూ పెట్టించాడు, భవనాలు కూలిన తర్వాతైనా తన ముఖం బయటపడాలన్నది ఆయన ఆశ కావచ్చు.

ఆ తొలి పతకాలన్నీ పోత పనులు. మైనంతో నమూనా చేసి, దాని నుంచి మూస తీసి, కరిగించిన కంచునో సీసాన్నో అందులో పోసి, చల్లారిన తర్వాత ఆకురాయితో సరిచేసేవారు. ఈ పద్ధతిలో ఉన్న చిక్కు ఏమిటంటే, పూర్తయిన పతకాన్నే నమూనాగా పెట్టి ఎవరైనా మరో మూస తీసి ఇంకొక ప్రతి పోత పోయవచ్చు, గత అయిదారు వందల ఏళ్లుగా ఎందరో అలాగే పోశారు. కొందరు మోసానికి చేస్తే, ఎక్కువమంది దొరకని పతకానికి ప్రతి ఒకటి తమ బీరువాలో ఉండాలన్న నిజాయితీ గల కోరికతోనే చేశారు; కాలం గడిచేకొద్దీ ఈ రెండు రకాల ప్రతులూ అసలువాటితో కలిసిపోయాయి. వాటిని విడదీయడానికి భౌతికశాస్త్రమే తోడ్పడుతుంది: లోహం చల్లారేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది గనుక, పతకం నుంచి తీసిన ప్రతి అసలుదానికన్నా అడ్డుకొలతలో నూటికి ఒకటి రెండు వంతులు చిన్నదవుతుంది, ఆ ప్రతి నుంచి తీసిన ప్రతి మరికొంత చిన్నదవుతుంది. నూరు మిల్లీమీటర్ల పతకం 98 మిల్లీమీటర్లకు తగ్గితే కంటికి ఆనదు, కొలబద్దకు ఆనుతుంది. దాంతోపాటు అక్షరాల మొనలు మొద్దుబారడం, వెంట్రుకల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం, అంచున ఆకురాయి గీతలు కనిపించడం వంటి గుర్తులు ఉంటాయి. ప్రసిద్ధ సంగ్రహాలయాల సూచికల్లో ప్రతి పతకం పక్కనా అడ్డుకొలతను మిల్లీమీటర్లలో విధిగా ఇవ్వడానికి కారణం ఇదే. అలవాటు లేని పాఠకుడికి ఆ అంకె అనవసరపు వివరంగా కనిపించినా, కొనేవాడికి పేజీలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

పోత తర్వాత వచ్చిన రెండో పద్ధతి ముద్రణ. బొమ్మను తలకిందులుగా, లోతుగా చెక్కిన ఉక్కు దిమ్మను డై అంటారు. రెండు డైల నడుమ ఖాళీ బిళ్లను పెట్టి గట్టిగా నొక్కితే రెండు వైపులా ఒకేసారి బొమ్మ పడుతుంది. మొదట మరతో తిప్పే ప్రెస్సులు, పద్దెనిమిదో శతాబ్దం చివర ఆవిరి యంత్రాలు ఈ పనికి వచ్చాయి. ఆవిరి ముద్రణకు పేరు మోసింది బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాల. దక్షిణ భారత చరిత్రతో నేరుగా ముడిపడిన ఒక ప్రసిద్ధ పతకం అక్కడే తయారైంది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయి టిప్పు సుల్తాన్ మరణించిన తర్వాత, ఆ విజయానికి గుర్తుగా ఈస్టిండియా కంపెనీ చేయించిన ఈ పతకాన్ని కుచ్లర్ అనే శిల్పి రూపొందించాడు. బొమ్మ వైపు బ్రిటిష్ సింహం టిప్పు చిహ్నమైన పులిని నేలకు అదిమిపెడుతూ ఉంటుంది, పైన అరబ్బీ అక్షరాలుంటాయి. బొరుసు వైపు కోట గోడకు పడిన గండిలోంచి సేనలు చొరబడుతున్న దృశ్యం, దాని కింద పారశీక లిపిలో ఊరి పేరు, హిజ్రీ తేదీ ఉంటాయి. ఆ యుద్ధంలో హైదరాబాద్ నిజాం సేనలు కంపెనీ పక్షాన నిలిచి పోరాడాయి.

ఈ పతకంలో లోహం హోదాను చెబుతుంది. అత్యున్నతులకు బంగారం, ఆ తర్వాతి వారికి బంగారు పూత పూసిన వెండి, తర్వాతి అధికారులకు వెండి, కింది స్థాయి వారికి కంచు, సాధారణ సిపాయిలకు తగరం. ఒకే దృశ్యం, అయిదు మెట్లు. కంచెకు ఇవతల నిలబడి చూసేవాడికి బంగారు ప్రతే విలువైనదని అనిపించడం సహజం, సంఖ్యలో అది అతి తక్కువ గనుక నిజమే కూడా. తగరపు ప్రతుల సంగతి మాత్రం ఆలోచించదగినది. పంచిపెట్టినవాటిలో అవే అన్నిటికన్నా ఎక్కువ, కాని తగరం మెత్తని లోహం, ఒరిపిడికి త్వరగా అరుగుతుంది, దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, పైగా సిపాయి ఇంట్లో దాన్ని మఖ్మల్ పెట్టెలో పెట్టి కాపాడే ఏర్పాటు ఉండదు. అందువల్ల ముఖాల కవళికలు, తుపాకుల మొనలు స్పష్టంగా మిగిలిన తగరపు ప్రతి కనిపిస్తే, సేకర్తలు అరిగిపోయిన వెండి ప్రతిని పక్కన పెట్టి దాని కోసం పోటీపడటంలో వింతేమీ లేదు. బర్మింగ్‌హామ్ ప్రతుల అడ్డుకొలత 48 మిల్లీమీటర్లు, ఇదే దృశ్యంతో కలకత్తా టంకశాలలో తయారైనవి 45 మిల్లీమీటర్లు. ఇక్కడ కూడా కొలబద్దే మొదటి సాక్షి.

లోహం విలువ పతకం వెలకు అడుగు గీత మాత్రమే. కరిగిస్తే వచ్చే సొమ్ముకన్నా తక్కువకు బంగారు పతకాన్ని ఎవరూ అమ్మరు. ఆ గీత పైన ఎంత ఎత్తుకు వెల పోతుందన్నది వేరే విషయాల మీద ఆధారపడుతుంది, ఒక్కోసారి అసలు పైకి పోనే పోదు. 1964లో అమెరికాలో మొదలైన ఫ్రాంక్లిన్ మింట్ అనే ప్రైవేటు సంస్థ చరిత్ర ఇందుకు గొప్ప పాఠం. పరిమిత సంఖ్యలో మాత్రమే ముద్రిస్తామన్న ప్రకటనలతో, అందమైన పెట్టెల్లో, నెలకొకటి చొప్పున వచ్చే వెండి పతకాల వరసలను ఆ సంస్థ 1970లలో చందాదారులకు పెద్ద ఎత్తున అమ్మింది. 'పరిమితం' అంటే కొనదలచినవారందరికీ సరిపడేంత అన్నది ఆచరణలో తేలిన అర్థం. అందరూ దాచుకున్నారు, కొనేవాడు మిగల్లేదు. మళ్లీ అమ్మబోయినవారికి వెండి ధరకు మించి రాలేదని 1978లో అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం 'సిక్స్టీ మినిట్స్' బయటపెట్టింది. 1980 జనవరిలో వెండి ధర ఔన్సుకు దాదాపు 50 డాలర్లకు ఎగబాకినప్పుడు ఆ పతకాలు భారీగా కొలిమికి పోయాయి. ఏ ధ్రువపత్రం చేయలేని పనిని ఆ కొలిమి కొంత చేసింది, కొన్ని వరసలు నిజంగానే అరుదయ్యాయి. అయినా వాటిని వెతుక్కునేవారు అంతగా పెరగలేదు. అరుదుతనం వెలను పెంచాలంటే అవతల కావాలనుకునేవాడు ఉండాలి, లేకపోతే అది సూచికలో ఒక అంకెగా మిగిలిపోతుంది.

ముద్రిత పతకాలకు ఉన్న చిక్కు పోత పతకాల చిక్కుకు భిన్నమైనది. డైని టంకశాల భద్రపరిస్తే, వందేళ్ల తర్వాత కూడా దానితోనే మరో పతకాన్ని ముద్రించవచ్చు; అది నకిలీ కాదు, అసలు డై నుంచి వచ్చినదే, కానీ ఆ కాలానిది కాదు. ఇటువంటి ప్రతిని పునర్ముద్రణ అంటారు. పారిస్ టంకశాల ఈ విషయంలో ప్రపంచంలోనే పేరుపడ్డది, ఎందుకంటే నెపోలియన్ నాటి విజయాల పతకాల నుంచి అమెరికా స్వాతంత్ర్య యుద్ధ పతకాల వరకు అనేకం అది తిరిగి తిరిగి ముద్రించి అమ్మింది. అదృష్టవశాత్తూ ఆ టంకశాలే సేకర్తకు తాళంచెవి కూడా ఇచ్చింది: 1832 నుంచి పతకం అంచు మీద ఒక చిన్న గుర్తును, దాని పక్కన లోహం పేరును కొట్టే ఆచారం పెట్టుకుంది. ప్రాచీన దీపం గుర్తు ఉంటే 1832 నుంచి 1841 లోపు, లంగరు ఉంటే ఆ తర్వాతి ఏడాదిలో, ఓడ ముక్కు ఉంటే 1842 నుంచి 1845 లోపు, వేలు చూపే చెయ్యి ఉంటే 1845 నుంచి 1860 లోపు, తేనెటీగ ఉంటే 1860 నుంచి దాదాపు ఇరవై ఏళ్లలోపు, పండ్లతో నిండిన కొమ్ము ఉంటే 1880 తర్వాత ఎప్పుడైనా ముద్రించినది అని తెలుస్తుంది. 1805 నాటి యుద్ధ విజయాన్ని చాటే పతకం అంచున పండ్ల కొమ్ము కనబడితే, బొమ్మ వైపు నెపోలియన్ ఎంత గంభీరంగా చూసినా ప్రయోజనం లేదు. కొత్త సేకర్తలు బొమ్మనూ బొరుసునూ చూసి మురిసిపోతే, అనుభవజ్ఞులు పతకాన్ని చేతిలోకి తీసుకోగానే ముందు అంచును తిప్పి చూస్తారు. గుర్తు లేనిచోట మరో ఆనవాలు పనికివస్తుంది: నిల్వలో ఉన్న డైకి తుప్పు పట్టి గుంటలు పడితే, దానితో ముద్రించిన పతకం మీద ఆ గుంటలు చిన్న చిన్న బుడిపెలుగా లేచి కనిపిస్తాయి.

అసలుకూ తర్వాతి ప్రతికీ నడుమ దూరం ఎంతటిదో 'లిబర్టాస్ అమెరికానా' పతకం చూపిస్తుంది. సరటోగా, యార్క్‌టౌన్ విజయాలకు గుర్తుగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఊహించి, పారిస్‌లో ఆగస్టిన్ దుప్రే చేత చెక్కించి, 1783లో ముద్రింపజేసిన ఈ పతకంలో బొమ్మ వైపు విరబోసుకున్న జుట్టుతో స్వేచ్ఛాదేవి ముఖం, బొరుసు వైపు రెండు పాములను పిసికివేస్తున్న పసి హెర్క్యులీస్, అతని మీదికి దూకుతున్న బ్రిటిష్ సింహాన్ని డాలుతో అడ్డుకుంటున్న ఫ్రాన్సు దేవతామూర్తి ఉంటాయి. బంగారు ప్రతులు రెండే, ఫ్రాన్సు రాజుకూ రాణికీ. అవి విప్లవం తర్వాత ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. కొద్దిపాటి వెండి ప్రతులు, అంతకన్నా ఎక్కువగా రాగి ప్రతులు వచ్చాయి. నాటి వెండి ప్రతి నేడు వేలంలో లక్షల డాలర్ల మాట, అదే బొమ్మతో పారిస్ టంకశాల మన కాలంలో చేసిన ప్రతి అలంకార వస్తువు ధర మాట. ఈ తేడా వెండి బరువు వల్ల వచ్చింది కాదు.

అసలు, నకలు అన్న మాటలు కూడా ఒక్కోసారి తేలిగ్గా అతకవు. 1915 మే 7న ఐర్లండ్ తీరానికి దగ్గర్లో జర్మన్ జలాంతర్గామి 'లూసిటానియా' అనే ప్రయాణికుల నౌకను ముంచివేయగా దాదాపు 1,200 మంది చనిపోయారు. మ్యూనిక్ శిల్పి కార్ల్ గోట్జ్, ఆ నౌకలో యుద్ధ సామగ్రి వేసుకుని ప్రయాణికులను బలి చేశారని నౌకా కంపెనీని ఎత్తిపొడుస్తూ సొంత ఖర్చుతో ఒక పతకం చేశాడు. ఒక వైపు తుపాకులతో నిండి మునుగుతున్న నౌక, మరో వైపు టికెట్ల కిటికీలో కూర్చుని టికెట్లు అమ్ముతున్న అస్థిపంజరం. పత్రికా వార్తను నమ్మి తేదీని మే 5 అని వేశాడు. ఒక ప్రతి బ్రిటన్ చేతికి చిక్కగానే, నౌక మునగక ముందే సంబరానికి పతకం సిద్ధం చేసుకున్నారంటూ అక్కడి ప్రచార యంత్రాంగం దాన్ని ఆయుధంగా మలచుకుంది. ఇనుముతో లక్షల ప్రతులు పోత పోయించి, అట్టపెట్టెలో కరపత్రంతో సహా ఒక షిల్లింగుకు అమ్మి, వచ్చిన లాభాన్ని యుద్ధ బాధితుల సేవా సంస్థలకు ఇచ్చారు. గోట్జ్ తర్వాత తేదీని 7గా దిద్దాడు, అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది. నేడు చౌకగా, విరివిగా దొరికేది బ్రిటిష్ ప్రతి. దాని మీద నెల పేరు ఇంగ్లిషు వర్ణక్రమంలో 'వై'తో ముగుస్తుంది, జర్మన్ ప్రతి మీద 'ఐ'తో ముగుస్తుంది. ఒక్క అక్షరం మీద వెల అనేక రెట్లు మారుతుంది. అయితే చరిత్ర మీద ఆసక్తి ఉన్న సేకర్తకు బ్రిటిష్ ప్రతిని ఉత్త నకలు అని తీసివేయడం కుదరదు, ఎందుకంటే యుద్ధకాలంలో జనాభిప్రాయాన్ని మలచినది అదే. అట్టపెట్టె, కరపత్రం చెక్కుచెదరకుండా ఉంటే దానికీ ఒక వెల పలుకుతుంది.

జరగని సంఘటనలకు చేసిన పతకాల మీద సేకర్తలకు ప్రత్యేకమైన మమకారం ఉంది. 1741లో కార్తహేనా కోట మీద బ్రిటిష్ నౌకాధిపతి వెర్నన్ దాడి విఫలమైంది, కాని ఆ కబురు చేరేలోపే స్పానిష్ సేనాని ఆయన ముందు మోకరిల్లినట్టు చూపే ఇత్తడి పతకాలు లండన్ బజార్లలో అమ్ముడుపోయాయి. ఇంగ్లండ్ మీద దండెత్తి గెలిచినట్టూ, ఆ పతకం లండన్‌లోనే ముద్రించినట్టూ అక్షరాలు చెక్కించి 1804లో నెపోలియన్ డై సిద్ధం చేయించాడు. దండయాత్ర జరగనే లేదు. వెర్నన్ పతకాలు చౌక లోహంతో అనేక రకాలుగా వచ్చి చేతుల్లో నలిగి అరిగిపోయినవి గనుక, వాటిలో స్థితి బాగున్న ప్రతికే అసలు గిరాకీ.

స్థితి అన్న మాట వచ్చినప్పుడు తెలుగు ఇళ్లలోని ఒక మంచి అలవాటు ఇక్కడ శత్రువుగా మారుతుందని చెప్పక తప్పదు. ఇత్తడి, రాగి సామాన్లను పండగ ముందు చింతపండుతోనో, కొన్న పొడితోనో తళతళలాడేలా తోమడం ఇల్లాలి శ్రద్ధకు గుర్తు. తాతగారి కంచు పతకాన్ని అదే శ్రద్ధతో తోమితే దాని వెలలో పెద్ద భాగం నీళ్లతో పాటు పోతుంది. కంచు, రాగి పతకాల మీద దశాబ్దాల గాలితో చర్య జరిగి ఏర్పడే గోధుమరంగు లేదా నల్లని గట్టి పొర లోహాన్ని కాపాడుతుంది, పతకం వయసుకు సాక్ష్యంగా నిలుస్తుంది, చాలా సందర్భాల్లో టంకశాలవారే తయారీ సమయంలో ఆ రంగును ఉద్దేశపూర్వకంగా తెప్పించి ఉంటారు. పులుపు ఆ పొరను తొలగించి కింది లోహాన్ని గులాబీ రంగులో బయట పెడుతుంది, సన్నని గీతలు శాశ్వతంగా మిగులుతాయి; ఒకసారి పోయిన పొరను తిరిగి తెచ్చే దారి లేదు. వెండి మీద నలుపు, నీలిఛాయలు పట్టడం కూడా అటువంటిదే. ఇందులో ఒక మినహాయింపు ఉంది: పతకం మీద పొడి పొడిగా రాలే లేత ఆకుపచ్చ చిలుము కనిపిస్తే అది రక్షణ పొర కాదు, ఉప్పులోని క్లోరైడు తేమతో కలిసి లోహాన్ని లోపలి నుంచి తినివేసే జబ్బు, పక్కన ఉన్న పతకాల నుంచి దాన్ని వెంటనే వేరుచేసి, తేమ తగలకుండా ఉంచి, లోహ సంరక్షణ తెలిసినవారికి చూపించాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల ఉప్పుగాలిలో ఈ ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. మెత్తని ప్లాస్టిక్ కవర్లలో ఉండే క్లోరిన్ పదార్థం కొన్నేళ్లకు జిగటగా కారి లోహానికి అంటుకుంటుంది, వార్తాపత్రిక కాగితంలోని ఆమ్లం మరకలు వేస్తుంది. అందువల్ల ఆమ్లం లేని కాగితపు కవర్లు, గట్టి ప్లాస్టిక్ పెట్టెలు, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వాడటం మేలు. పతకాన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తాలి, వేలి చెమట ముద్ర సైతం కొన్నాళ్లకు లోహంలోకి ఇంకి మరకగా మిగులుతుంది.

పతకం ఎవరి చేతుల నుంచి ఎవరి చేతులకు వచ్చిందన్న చరిత్ర వెలను ఎంత దూరం తీసుకుపోగలదో నోబెల్ పతకాలు చూపాయి. డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ బతికి ఉండగానే తన నోబెల్ పతకాన్ని 2014 డిసెంబరులో న్యూయార్క్‌లో వేలానికి పెట్టగా 41 లక్షల డాలర్ల దగ్గర పాట ఆగింది, వేలం సంస్థ రుసుముతో కలిపి అది 47 లక్షలు దాటింది; అందులోని బంగారం వెల ఈ మొత్తంలో వందో వంతుకు కూడా చేరదు. కొన్న రష్యన్ సంపన్నుడు దాన్ని తిరిగి వాట్సన్‌కే ఇచ్చేశాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ నోబెల్ పతకం 2004 మార్చిలో శాంతినికేతన్ సంగ్రహాలయం నుంచి దొంగతనానికి గురైన తర్వాత, నోబెల్ సంస్థ ఒక బంగారు ప్రతినీ ఒక కంచు ప్రతినీ విశ్వభారతికి ఇచ్చింది. బొమ్మలోనూ పనితనంలోనూ వాటికి వంక పెట్టలేం, కాని పోయినదానికి అవి సాటి అని ఎవరూ అనరు. పేరు చెక్కిన పతకానికి ఈ చరిత్ర దాని ఒంటి మీదే ఉంటుంది. ఢిల్లీ దర్బారు పతకాల పరిస్థితి వేరు. 1877లో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించిన దర్బారులో, అప్పటికి పదేళ్ల బాలుడైన నిజాం మహబూబ్ అలీఖాన్‌తో సహా సంస్థానాధీశులు కొలువుదీరారు. 1911 దర్బారుకు ఉస్మాన్ అలీఖాన్ హాజరయ్యాడు. 1903, 1911 దర్బారుల వెండి పతకాలు వేల సంఖ్యలో పంచారు, వాటి మీద గ్రహీత పేరు వేసి ఇవ్వలేదు. తాత అందుకున్న పతకం ఇదే అని నిలబెట్టేది దానితో వచ్చిన ఉత్తరం, పెట్టె, నాటి ఫొటో, ఉద్యోగ పత్రాలు మాత్రమే. పంపకాల్లో పతకం ఒక కొడుకుకు, కాగితాలు మరో కొడుకుకు పోయాయంటే రెండింటి వెలా పడిపోతుంది.

గిరాకీకి కాలంతో పాటు మారే స్వభావం ఉంది, దాన్ని ముందుగా పసిగట్టగలమని చెప్పేవారిని నమ్మనవసరం లేదు. స్థూలంగా చెప్పాలంటే రెండు రకాల సేకర్తలు ఒకే పతకాన్ని కోరుకున్నప్పుడు వెల పెరుగుతుంది: రైలు మార్గం ప్రారంభోత్సవ పతకాన్ని పతకాలవారూ రైళ్ల చరిత్రవారూ, వైద్య కళాశాల పతకాన్ని స్థానిక చరిత్రవారూ వైద్యులూ వెతుకుతారు. సూచికలో చోటు దొరకడం కూడా గిరాకీని పెంచుతుంది. బ్రిటిష్ ఇండియా పతకాలకు రాబర్ట్ పడ్‌స్టర్ తయారుచేసిన సూచిక వచ్చాక, అంతవరకు పేరు లేని బిళ్లలకు ఒక సంఖ్య, ఒక అరుదుతనపు మెట్టు ఏర్పడ్డాయి. తిరుమలలో దేవస్థానం అమ్మే శ్రీవారి డాలర్ల వంటివి ఈ లెక్కలకు బయటివి; భక్తుడు వాటిని అమ్మడానికి కొనడు, కాబట్టి లోహం ధరకు మించిన మారకపు వెల వాటికి ఏర్పడటం అరుదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ రంగం పేరు చెప్పుకుని జరిగే మోసాల గురించి కొంత వివరంగా చెప్పడం అవసరం. ఒక వైపు రామ పట్టాభిషేకమో హనుమంతుడో, మరో వైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అన్న సంవత్సరం, అణా లేక అరణా అన్న మాట ఉన్న రాగి, ఇత్తడి బిళ్లలు విరివిగా కనిపిస్తాయి. వీటిని కంపెనీ ఏనాడూ ముద్రించలేదు. తర్వాతి కాలంలో ఎవరో పూజకోసమో వ్యాపారం కోసమో తయారుచేసిన ఊహాజనిత బిళ్లలు ఇవి. దేవుడి బొమ్మ ఉన్నంత మాత్రాన కంపెనీ నాణెం కాదనడం కూడా పొరపాటే: 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాల విడుదల చేసిన పావు పగోడా మీద ఒక వైపు గోపురం, మరో వైపు విష్ణువు, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు నిజంగానే ఉన్నాయి, అది అసలైన నాణెం. 1818 బిళ్లలకు మహత్తు ఉందని, బియ్యపు గింజలను లాక్కుంటాయని, విదేశాల్లో కోట్లు ఇస్తారని నమ్మించే 'రైస్ పుల్లింగ్' ముఠాలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసులు ఎన్నోసార్లు అరెస్టు చేశారు. గింజలకు ఇనుపరజను పట్టించి, బిళ్ల కింద అయస్కాంతం దాచి చూపే గారడీ తప్ప అందులో మరేమీ లేదు. లోహానికి బియ్యాన్ని లాగే గుణం లేదు, ఆ గుణానికి వెల కట్టే సేకర్త ప్రపంచంలో ఎక్కడా లేడు.

అసలైన పాత పతకం ఇంట్లో ఉన్నవారు దాన్ని విదేశాల్లో అమ్మాలనుకుంటే చట్టం అడ్డువస్తుంది. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణేలు, కళాత్మక లోహపు పనులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం, దేశం లోపల వాటి వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. అందువల్ల 1911 దర్బారు పతకానికి లండన్ వేలంలో పలికిన ధర హైదరాబాద్ యజమానికి వర్తించదు, ఇక్కడి కొనుగోలుదారులు ఇచ్చేదే దానికి వెల. ఆ వెలలోనూ మూడు అంకెలను విడిగా చూడాలి: సూచికలో అచ్చయినది ఒక అంచనా, వేలంపాట నిలిచినది కొనేవాడు ఇచ్చిన మొత్తంలో ఒక భాగం, వ్యాపారి చేతికి నేరుగా అమ్మితే వచ్చేది ఆయన లాభం మినహాయించిన మిగులు. తొందరలేనివారు ముందుగా పతకం రెండు వైపులా, అంచు మీద కూడా స్పష్టమైన ఫొటోలు తీసి, అడ్డుకొలత మిల్లీమీటర్లలో, బరువు గ్రాముల్లో రాసుకుని, అవే వివరాలతో గతంలో అమ్ముడైన ప్రతుల ధరలను పోల్చి చూస్తారు. తయారీ ఎలా ఉంటుందో కళ్లారా చూడాలనుకునేవారికి హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాల భవనంలో 2022లో ఏర్పాటైన ప్రదర్శనశాల అందుబాటులో ఉంది.